పళ్ళమ్మ వినికిడి పరీక్ష

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళమ్మ అనే పిలిచేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చి "అరటిపళ్ళున్నాయా అమ్మా?" అని అడగడం, ఆమె నవ్వాపుకుంటూ "మా దగ్గరుండేవి కొరికే పళ్ళండీ, కొరుక్కుతినే పళ్ళు కావు" అని చెప్పడం మామూలే.

ఆమె పని కట్టుడుపళ్ళు తయారుచెయ్యడం. పళ్ళ డాక్టర్ల దగ్గర్నుంచి వచ్చే నోటి అచ్చుల్లో ప్లాస్టరు పోసి, అది గట్టిపడ్డాక గులాబీరంగు మైనంతో చిగుళ్ళు దిద్ది, వేడిచేసిన సన్నటి కత్తితో ఒక్కో పన్నూ మైనంలో కూర్చేది. పెళ్ళయిన కొత్తలో ఆ ల్యాబులో చేరింది. కూతురు పెద్దదై హాస్టల్‌కి వెళ్ళిపోయినా ఆమె కుర్చీ మాత్రం మారలేదు. ఆ కుర్చీ పక్కన కిటికీలో ఒక రేడియో ఉండేది. పాలిష్ మిషను ఆగినప్పుడల్లా అందులోంచి పాత సంగీతం వినబడేది. ఒకడు ఎత్తుకున్న వరసని ఇంకొకడు అందుకోవడం, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తరుముకోవడం, చివరికి ఎక్కడో కలిసిపోవడం. ఇవన్నీ ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టారు అని ఆమె బుర్రని తొలిచేసేది. ఎవర్నడిగినా "పనిచూసుకోవమ్మా" అనేవారు.

చివరికి సాయంత్రం కాలేజీలో సంగీత చరిత్ర అనే కోర్సు ఉందని తెలిసి చేరిపోయింది. భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎవరి లిఫ్టు మధ్యలో ఆగినా అతనికే ఫోను. "చేరు, చేరు. నేనెలాగూ సాయంత్రం పూట ఎవరింట్లోనో రెండంతస్తుల మధ్య వేలాడుతూ ఉంటాను" అన్నాడు. గొడవ పెట్టింది మామగారొక్కరే. ఆయన పాతికేళ్ళు సిటీ బస్సు కండక్టరుగా చేసిన మనిషి. కోడల్ని కూడా పాసు లేని ప్రయాణికురాల్లాగే నిలదీశాడు.

"చచ్చిపోయినవాళ్ళ పాటలకి పరీక్షలేంటమ్మాయ్?"

"రాతపరీక్షే కాదు మావయ్యగారూ, వినే పరీక్ష కూడా ఉంటుంది. ముక్క వినిపిస్తారు. అది ఏ కాలానిదో, ఏ వాయిద్యాలున్నాయో, రెండో గొంతు ఎక్కడ మొదలైందో చెప్పాలి."

"వినికిడి పరీక్షా? అది నాక్కదా చెయ్యాల్సింది, నీకెందుకు?"

అలా వెక్కిరించిన మనిషే నెల తిరక్కుండా ఆమెకు పరీక్షాధికారి అయి కూర్చున్నాడు. భోజనాలయ్యాక ఫోను తన చేతిలోకి తీసుకుని, తెర ఆమెకు కనబడకుండా తిప్పుకుని, ఏదో ఒక ముక్క పెట్టేవాడు. ఆమె తప్పు చెబితే ఈలవేసి, "దిగమ్మా దిగు, నీ స్టేజీ దాటిపోయింది" అనేవాడు. ఒప్పు చెబితే మాత్రం ఏమీ అనకుండా రెండోది పెట్టేవాడు. ఆయన నోట్లో ఉన్న పళ్ళు ఆమె చేసినవే. ఈలవేసినప్పుడు కింది వరస కాస్త కదిలేది. సరిచేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. కదిలితేనే ఈల బాగా వస్తుందట.

ఏడాది చివరికొచ్చింది. పరీక్షకి నెలన్నరే ఉంది. కాలేజీలో ముందుగా పెట్టిన నమూనా పరీక్షలో ఆమె ఒక ముక్క దగ్గర దెబ్బతింది. తంతివాద్యాల మీద నెమ్మదిగా సాగే ముక్క అది. రెండో వరస మొదటిదాని కింద నుంచి ఎంత మెల్లగా వస్తుందంటే, వచ్చాక గానీ వచ్చిందని తెలియదు. పాఠం చెప్పే మాస్టారు "మీ చెవి మంచిదమ్మా, ఇది మీరు పట్టుకోగలరు" అన్నారు. ఆ మాటతో ఆమెకు పంతం వచ్చింది. పట్టుకోకుండా వదిలేది లేదనుకుని ల్యాబుకి సెలవు పెట్టింది.

ఆ మధ్యాహ్నం మామగారు అన్నం తిని పడుకున్నాడు. భర్త పనికి వెళ్ళాడు. ఆమె ముందుగదిలో బల్ల దగ్గర, తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. గట్టిగా పెడితే ఆయన నిద్ర చెడుతుందని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. అంతవరకూ ఎవరూ తప్పు పట్టాల్సిందేమీ లేదు.

ముక్క మొదలైంది. ఒకసారి విని, మళ్ళీ మొదటికి వెళ్ళింది. రెండోసారి మధ్యలో, ఆ తంతుల శబ్దం కిందనుంచి ఇంకేదో సన్నగా వినబడినట్టయింది. బయట ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టు. వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఆమె చిరాగ్గా కనుబొమలు ముడిచి, సౌండు పెంచింది.

ఆ ముక్క చివరిదాకా విన్నది. రెండో వరస ఎక్కడ మొదలైందో ఈసారి స్పష్టంగా దొరికింది. సంతోషం పట్టలేక చేత్తో బల్ల మీద చరిచి, ఇయర్‌ఫోన్లు తీసేసింది.

అప్పుడు వినబడింది. "అమ్మాయ్... అమ్మాయ్..." అరుపు కాదు. అరిచి అరిచి అరుపు అయిపోయాక మిగిలిన గొంతు.

ఆయన స్నానాలగది గడపలో పక్కకి పడి ఉన్నాడు. ఒక కాలు మడతపడి ఉంది. కింది పళ్ళవరస నోట్లోంచి జారి, వాష్‌బేసిన్ కాలికి తగిలి రెండు ముక్కలై నేలమీద పడి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూలబడి ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. ఆయన ఆమెకేసే చూస్తున్నాడు. ఎదురింటి తలుపు బాదితే ఆ ఇంటి అత్తయ్యగారు, ఆమె కొడుకు పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందే? ఎక్కడున్నావు నువ్వు?" అని ఆ అత్తయ్యగారు మామూలుగానే అడిగింది.

"డాబా మీద... బట్టలు తియ్యడానికి వెళ్ళాను" అంది ఆమె.

ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. అబద్ధమాడాలని ఆలోచించుకుని ఆడింది కాదు. కానీ నోట్లోంచి బయటపడ్డాక, దాని పక్కన నిలబడక తప్పలేదు. ఆస్పత్రిలో డాక్టరు అడిగితే అదే చెప్పింది. భర్త ఊపిరాడకుండా పరిగెత్తుకొస్తే అతనికీ అదే చెప్పింది. మూడోసారికి ఆ అబద్ధానికి వివరాలు కూడా వచ్చాయి. దుప్పటి తీగకి చిక్కుకుందనీ, అందుకే ఆలస్యమైందనీ.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. నడుస్తాడు గానీ మునుపటిలా కాదన్నారు. ఎదురింటి అత్తయ్యగారు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ "కోడలు కాబట్టి సరిపోయింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరు" అని చెప్పింది. ఆ పొగడ్తకి ఆమె తలదించుకునేది. దాన్ని చూసి "ఎంత అణకువ!" అని ఇంకోమాట పడేది.

అదొక్కటే అయితే ఎలాగో మింగేది. కానీ ఆడపడుచు వచ్చింది. తండ్రి మంచం దగ్గర కాసేపు ఏడ్చి, తర్వాత వరండాలో అన్నని నిలబెట్టి కడిగేసింది.

"స్నానాలగదిలో పట్టుకోడానికి కడ్డీ బిగించమని ఎన్నిసార్లు చెప్పాను అన్నయ్యా? ఊళ్ళోవాళ్ళ లిఫ్టులన్నీ బాగుచేస్తావు. ఇంట్లో నాన్న పట్టుకోడానికి ఒక్క కడ్డీకి నీకు తీరిక లేదు! ఇప్పుడు కడ్డీ ఆయన కాల్లోకి వెళ్ళింది, చాలా?"

అతను గోడకి ఆనుకుని, చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడ్డాడు. అతని భార్య అక్కడే ఉంది. నోరు తెరవబోయింది. తెరిచి, "కాసిని మంచినీళ్ళు తాగండి" అని గ్లాసు అందించింది.

మామగారు ఇంటికొచ్చే ముందే భర్త డ్రిల్లింగ్ మిషను తెచ్చి ఇల్లంతా కన్నాలు పెట్టడం మొదలుపెట్టాడు. స్నానాలగదిలో కడ్డీ, మంచం పక్కన కడ్డీ, వంటింటి దారిలో కడ్డీ. అన్నం తింటూ తింటూ లేచి టేపు పట్టుకుని కొలిచేవాడు. "నా వల్లే అయింది" అని పడుకునే ముందు పైకప్పు చూస్తూ అనేవాడు. ఆమె ఊరుకునేది. ఆ ఊరుకోవడమే పెద్ద బరువై కూర్చుంది.

పుస్తకాలన్నీ కట్టకట్టి బీరువా మీద పెట్టేసింది. పరీక్ష రాయనని భర్తతో అంది. "నాన్నకిలా ఉంటే నీకు మాత్రం మనసెలా వస్తుందిలే" అని అతను జాలిపడ్డాడు. ఆ జాలి కూడా ఆమెకు దక్కాల్సింది కాదు. పైగా, ఏ పనిలో ఉన్నా ఆ ముక్క ఆమె తలలో మోగేది. మొదలు, మధ్య, చివర అన్నీ కంఠతా వచ్చేశాయి. అది సాగుతున్నంతసేపూ ఆయన నేలమీద ఉన్నాడు. ఏ వరస దగ్గర పడి ఉంటాడు? ఏ వరస దగ్గర మొదటిసారి పిలిచి ఉంటాడు? అన్నం వారుస్తూ కూడా ఆ లెక్కే.

ఇంటికొచ్చిన మామగారికి కింది పళ్ళు లేవు. మెత్తగా కలిపిపెట్టిన అన్నం మింగలేక, మాట సరిగ్గా పలకలేక ఆయన విసుక్కుంటున్నాడు. ల్యాబు నడిపే డాక్టరమ్మని అడిగితే "మీ మామగారేగా, అచ్చు మీరే తీసుకోండి" అని సామాను ఇచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె ఆయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు కట్టి, అచ్చు తీసే పొడిని నీళ్ళలో కలిపి ముద్దచేసి, రేకులో పెట్టి నోట్లోకి జాగ్రత్తగా నొక్కింది.

"ఇది గట్టిపడేదాకా కదలకూడదు మావయ్యగారూ. మాట్లాడకూడదు."

ఆయన కళ్ళతోనే సరేనన్నాడు. ఆమె వేళ్ళు రేకుని రెండువైపులా అదిమిపట్టుకుని ఉన్నాయి. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమెకు తెలియకుండానే మొదలుపెట్టేసింది.

"నేను డాబా మీదకి వెళ్ళలేదు మావయ్యగారూ."

ఆయన కనుగుడ్లు ఆమెవైపు తిరిగాయి.

"ముందుగదిలోనే ఉన్నాను. చెవుల్లో అవి పెట్టుకుని పాట వింటున్నాను. వినబడలేదని చెబితే అదీ అబద్ధమే. ఏదో వినబడింది. వీధిలో ఎవరో అనుకున్నాను. అనుకుని... సౌండు పెంచాను. మీరు పిలుస్తుంటే సౌండు పెంచాను నేను."

ఆయన ఏదో అనబోయాడు. గొంతులో గురగురమంది. "కదలకండి, కదలకండి" అని ఆమె ఏడుస్తూనే రేకుని ఇంకాస్త అదిమింది. ముద్ద గట్టిపడేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఆమె కన్నీళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆయనకి తిట్టడానికి నోరు ఖాళీ లేదు.

రేకు బయటికొచ్చింది. ఆయన నీళ్ళు పుక్కిలించి గిన్నెలో ఉమ్మి, మూతి తుడుచుకుని, తాపీగా అన్నాడు.

"నీ వీపు కనబడింది నాకు."

ఆమె చేతిలోని రేకు బల్ల మీద పెట్టేసింది.

"తలుపు సందులోంచి. తల ఊపుతున్నావు. తిట్టుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత కూడా తిట్టుకున్నాను. ఆస్పత్రిలో మత్తు ఇచ్చేదాకా."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నా చేతికర్ర ఎక్కడుందో చూశావుగా ఆవేళ?"

చూసింది. మంచానికి ఆనించి ఉంది. కర్ర లేకుండా అడుగు వెయ్యొద్దని ఇంటిల్లిపాదీ చెప్పినా, ఎవరూ చూడనప్పుడు ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆ సంగతి ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

"అది వేరు మావయ్యగారూ."

"వేరే. నేనూ అదే అంటున్నాను. నాది మొండితనం, నీది ఇంకోటి. రెండూ కలిపి కొట్టేసుకుందామని నేనేం అనట్లేదు. నొప్పి పుట్టినప్పుడల్లా నీ వీపు గుర్తొస్తోంది. అబద్ధమెందుకు చెప్పాలి?" ఆయన గొంతు మార్చాడు. "పరీక్ష మానేస్తున్నావట?"

"ఏ మొహం పెట్టుకుని రాయమంటారు?"

"ఉన్న మొహమే పెట్టుకుని. నా కాలు అడ్డంపెట్టి నీ చదువు ఆపకు. రేపు ఊరంతా ముసలాడి వల్ల కోడలి చదువు పోయిందంటారు. పడ్డదీ నేనే, మాట పడేదీ నేనేనా? అదొకటీ... ముందు వాడికి చెప్పు. గోడలకి కన్నాలు పెట్టడం ఆపుతాడు."

ఆమె ఆ రోజే చెప్పింది. భర్త స్నానాలగదిలో మోకాళ్ళమీద కూర్చుని కడ్డీ కింద ఇంకో మర బిగిస్తున్నాడు. గడపలో నిలబడి, మొదట్నుంచీ చివరిదాకా, సౌండు పెంచిన సంగతితో సహా చెప్పేసింది. అతను తిరగలేదు. స్క్రూడ్రైవరు మాత్రం ఆగింది.

"ఎంతసేపు?" అన్నాడు.

"పాట అయిపోయేదాకా."

అతను ఆ మరని పూర్తిగా బిగించాడు. గట్టిగా లాగి చూశాడు. తర్వాత లేచి ఆమెకేసి చూశాడు.

"మా చెల్లి నన్ను నడివరండాలో నిలబెట్టి కడిగేసింది. నువ్వు పక్కనే ఉన్నావు. నాకు మంచినీళ్ళిచ్చావు."

అంతే అన్నాడు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు. ఆ తర్వాత చాలా రోజులు అతను కావలసినంత మేరకే మాట్లాడాడు. ఉప్పు ఇటు ఇవ్వు, గ్యాసువాడొచ్చాడు, తాళం ఎక్కడ. పళ్ళెం తీసుకుని తండ్రి గదిలోకి వెళ్ళి తినేవాడు. పరీక్ష రోజున మాత్రం స్కూటరు బయటికి తీసి, "ఎక్కు" అన్నాడు. కాలేజీ గేటు దగ్గర దింపి, "నాన్న దగ్గర నేనుంటాను. కంగారుపడకు" అని వెళ్ళిపోయాడు.

రాతపరీక్ష బాగానే రాసింది. పాటని కాగితం మీద గుర్తులుగా రాయడం ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది అన్న ప్రశ్నకి చెయ్యి నొప్పిపుట్టేదాకా రాసింది. తర్వాత వినే పరీక్ష. గదిలో రెండు స్పీకర్లు పెట్టారు. ఆ తంతివాద్యాల ముక్క ఎక్కడ వస్తుందోనని ఆమె భయపడుతూ కూర్చుంది. అది రాలేదు. తేలికైనవే వచ్చాయి. అయినా ఆమెకు సగం వినబడలేదు. ఎవరి కుర్చీ కిర్రుమన్నా తల తిరిగేది. వరండాలో ఎవరో దగ్గితే మనిషి లేచి నిలబడబోయింది. పర్యవేక్షకురాలు సైగ చేస్తే కూర్చుంది. ఈలోగా ఒక ముక్క వచ్చి వెళ్ళిపోయింది. ఆ జవాబు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది.

పాసైంది. రాతలో మంచి మార్కులే, వినడంలో బొటాబొటీగా గట్టెక్కింది. మాస్టారు కాగితం చూసి, "చెవి మీద నమ్మకం పెట్టుకున్నానమ్మా, ఏమైంది?" అన్నారు. ఆమె నవ్వేసి వచ్చేసింది. ఇంట్లో మామగారు కొత్త కింది పళ్ళు పెట్టుకుని, పట్టుకుని నడిచే ఇనప స్టాండు మీద వాలి గుమ్మం దాకా వచ్చి, "ఏ స్టేజీలో దిగావు?" అన్నాడు. మార్కులు చెబితే "ఫరవాలేదు" అన్నాడు. ఈల వెయ్యలేదు. కొత్త వరస గట్టిగా కుదిరిపోయి ఈల రావడం లేదు.

ఇంకొకరికి చెప్పాల్సి ఉంది. భర్త ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు. "నేను చెప్పను. అది నీ పని" అన్నాడు. ఆమె కొన్నాళ్ళు ఫోను తియ్యడం, పెట్టెయ్యడం చేసింది. ఒకరోజు ల్యాబులో అందరూ టీకి వెళ్ళినప్పుడు, మైనం చేతులు తుడుచుకుని, ఆడపడుచుకి ఫోను చేసేసింది.

ఆడపడుచు చివరిదాకా విన్నది. "నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"అన్నయ్యకి?"

"తెలుసు."

"అంటే అందరికన్నా ఆఖర్న నాకన్నమాట. అన్నయ్యని నేనన్ని మాటలంటుంటే నువ్వు నిలబడి విన్నావు కదా వదినా?"

"విన్నాను."

ఆడపడుచు ఫోను పెట్టేసింది.

ఆదివారం చెప్పాపెట్టకుండా వచ్చింది. వదినతో మాట్లాడకుండా నేరుగా అన్న దగ్గరికి వెళ్ళింది. తలుపు వేసుకున్నారు. లోపల ఆడపడుచు ఏడుపూ, "పోనీలేవే, కడ్డీ బిగించకపోవడం నిజమేగా" అన్న అతని గొంతూ వినబడ్డాయి. ఆమె వంటింట్లో కూరగాయలు తరుగుతూ, తరిగినవే మళ్ళీ తరుగుతూ నిలబడింది. చాలాసేపటికి ఆడపడుచు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ముక్కు తుడుచుకుని, పళ్ళేలు తీసి గట్టుమీద చప్పుడయ్యేలా పెట్టింది.

"నాకు కోపం పోలేదు వదినా. ఎప్పుడు పోతుందో కూడా తెలీదు. ముందే చెబుతున్నాను."

"సరే" అంది ఆమె.

"నాన్నకి ఆకలేస్తోంది. పద, వడ్డిద్దాం."

నలుగురూ మామగారి మంచం చుట్టూ కూర్చుని తిన్నారు. ఆడపడుచు తండ్రికీ అన్నకీ వడ్డించి, గిన్నె వదిన ముందు పెట్టింది. వడ్డించలేదు. ఆమె తనే వడ్డించుకుంది. చాలా రోజుల తర్వాత ఆ పూట భర్త ఆమె పక్కన కూర్చుని తిన్నాడు.